పేరు చెప్పిన చాలునా? – నీలికాంతియు, మొక్కలును

కొంతకాలము క్రిందట మా పాఠశాలలో తొమ్మిదవ తరగతి చదువుచున్న బాలిక యొకతె, కొబ్బరిచిప్పలో మొలచిన రాగిపైరును చేతబట్టుకొని నా యొద్దకు వచ్చెను. వారి యింట అక్క పెండ్లికై అంకురార్పణము చేసి, నవధాన్యములు చల్లిన పాలికలను నట్టింట నొక మూల నుంచిరట. మూడు నాలుగు దినములలో ఆ మొలకలన్నియు కూడబలుకుకొన్నట్లు వాకిలివైపునకు వంగినవట. పాలికలను ముట్టుకొనరాదని అవ్వ మందలింపగా, ఆ బాలిక వేఱుగ నొక కొబ్బరిచిప్పలో రాగులు చల్లి అదే మూలను ఉంచి చూచెను. అవియు నట్లే వంగెను. చిప్పను వెనుకకు త్రిప్పి యుంచెను. మఱునాటికి మొలకలు మరల వాకిలివైపునకే తిరిగెను.

“సార్, ఇవి వాకిలివైపే ఎందుకు వంగుతున్నాయి?” అని ఆమె యడిగెను.

“దీనిని కాంత్యనువర్తనము అందురమ్మా. పదవ తరగతి పాఠములో వచ్చును. వ్రాసికొనుము” అని నేను చెప్పితిని.

ఆమె వినయముగ వ్రాసికొనెను. పిదప తలయెత్తి, “అది పేరే కదా సార్! కళ్లు లేనిదానికి వెలుగు ఏ వైపున ఉందో ఎట్లా తెలుస్తుంది?” అనెను.

నేను సమాధానము వెదకుకొనుచుండగానే గంట మ్రోగెను. ఆనాటికి నేను బయటపడితిని. కాని ఆ ప్రశ్న నన్ను విడువలేదు. ఇరువది సంవత్సరములకు పైగా నేను పిల్లలకు పేర్లు చెప్పి, వానినే సమాధానములని నమ్మించుచుంటినా యని నాకు సిగ్గు కలిగినది. ఆ సిగ్గే యీ వ్యాసమునకు కారణము.

మనవంటి సరిహద్దు ప్రాంతముల పిల్లల స్థితి ఆలోచింపదగినది. ఇంట తెలుగు, వీధిలో తమిళము, సంతలో కన్నడము, పోటీ పరీక్షల పుస్తకములలో ఆంగ్లము. ఒక్క వస్తువునకు మూడు నాలుగు పేర్లు వారికి నోటికి వచ్చును. ఇది గొప్ప సంపద. ఇందు సందేహము లేదు. కాని యిందొక ప్రమాదమును గలదు. నాలుగు భాషలలో పేరు చెప్పగలిగిన బాలుడు తనకు ఆ విషయము నాలుగింతలు తెలిసినదని భ్రమపడును. తల్లిదండ్రులును అట్లే భ్రమపడుదురు. పేరు తలుపుమీద వ్రాసిన యజమాని నామము వంటిది. దానిని చదివినంతమాత్రమున ఇల్లు చూచినట్లు కాదు.

నా యభిప్రాయమిది: ఒక విషయము తెలిసినదనుటకు గుర్తు దాని పేరు చెప్పుట కాదు, అది జరుగు తీరును మొదటినుండి చివరివఱకు మన యింటి మాటలలో అవ్వకు చెప్పగలుగుట. అట్లు చెప్పలేనంతవఱకు అది ఏ భాషలో చదివినను చదివినట్లు కాదు. ఆ బాలిక యడిగిన ప్రశ్ననే తీసికొని యీ మాటను పరీక్షింతము.

ముందుగ నొక తప్పు సమాధానమును తొలగింపవలెను. “మొక్కకు వెలుగు కావలయును గనుక వెలుగువైపు వంగును” అని పెక్కుమంది వ్రాయుదురు. ఇది అబద్ధము కాదు. వెలుగు లేనిదే పత్రహరితము ఆహారమును సిద్ధపఱుపలేదు. కాని యిది ప్రయోజనమును చెప్పును గాని విధమును చెప్పదు. ఆకలిగొన్నవాడు అన్నము తినునన్న మాట నిజమే. చేయి నోటివఱకు ఎట్లు పోయెనో ఆ మాటవలన తెలియదు గదా! మొక్క వెలుగును కోరినదనియు, దానికై చేతులు చాచినదనియు కవి చెప్పవచ్చును. ప్రయోగ పుస్తకమున మాత్రము అది చాలదు. ఏ భాగము వెలుగును గుర్తించినది? ఏ భాగము వంగినది? ఈ రెంటినడుమ వార్త యెట్లు పోయినది? ఇవి అడుగవలసిన ప్రశ్నలు.

ఈ ప్రశ్నలను ఓర్పుతో నడిగినవారిలో జర్మను శాస్త్రజ్ఞుడు జూలియస్ సాక్స్ ఒకడు. ఆయన 1864లో మొక్కలను రంగు ద్రావణములగుండ వచ్చు వెలుగులో నుంచి చూచెను. పొటాషియం డైక్రోమేట్ ద్రావణము నారింజ, ఎఱుపు మొదలగు కాంతులను పోనిచ్చును, నీలికాంతిని పోనీయదు. అమోనియా కలిపిన రాగిలవణపు ద్రావణము నీలికాంతిని పోనిచ్చును. నారింజ వెలుగులో మొక్కలు నిలువుగనే యుండెను. నీలి వెలుగులో మాత్రము వెలుగువైపునకు వంగెను. అనగా, మొలక యెఱుగునది “వెలుగు” అని మనమందఱము కలగలిపి చెప్పుకొను పదార్థమును గాదు. ఆ వెలుగులోని నీలిభాగమును. కంటికి తెల్లగ గనబడు ఎండలో ఇంద్రధనుస్సు రంగులన్నియు నున్నవి గదా. వానిలో మొలక యేరుకొనునది నీలిని.

తరువాత 1880లో చార్లెస్ డార్విను, ఆయన కుమారుడు ఫ్రాన్సిస్ కలిసి మొక్కల చలనములనుగూర్చి యొక గ్రంథము ప్రకటించిరి. వారు కెనరీగడ్డి మొలకలను తీసికొని, కొన్నింటి కొనలకు వెలుగు చొరని చిన్న టోపీలు తొడిగిరి. టోపీ పెట్టిన మొలక ప్రక్కనుండి వెలుగు పడినను వంగలేదు. మఱికొన్ని మొలకలను కొనలు మాత్రము పైకుండునట్లు సన్నని నల్లని యిసుకలో పాతిరి. వెలుగు కొనకు మాత్రమే తగిలినది; అయినను క్రిందిభాగము వంగినది. కాబట్టి కొన చూచుచున్నది, క్రిందిభాగము వంగుచున్నది. పైనుండి క్రిందికి ఏదియో దిగుచున్నది అని వారు తేల్చిరి. టోపీ తొడుగుటకును, ఇసుకలో పాతుటకును గొప్ప యంత్రములు కావలయునా? శ్రద్ధగల చేయి, సూటిగ నడిగిన ప్రశ్న – ఇవియే వారి పరికరములు.

ఆ దిగునదేమో తెలియుటకు మఱి పెక్కేండ్లు దాటవలసి వచ్చెను. 1913లో డెన్మార్కు దేశీయుడు బాయ్‌సెన్ యెన్సెన్ ఓటు మొలక కొనను కోసి, నడుమ జెలాటిన్ పలుచని ముక్క నుంచి, కొనను మరల పైన నిలిపెను. జెలాటిన్‌గుండ వార్త దిగినది, మొలక వంగినది. 1928లో ప్రకటించిన పరిశోధనలో హాలండు దేశపు ఫ్రిట్స్ వెంట్ మఱియొక అడుగు ముందుకు వేసెను. కోసిన కొనలను అగారు ముక్కలమీద కొంతసేపుంచి, పిదప కొనలను పాఱవైచి, ఆ అగారు ముక్కను కొనలేని మొలకపై ఒక ప్రక్కన మాత్రము పెట్టెను. చీకటిలోనే ఆ మొలక రెండవ ప్రక్కకు వంగినది. కొననుండి ఊరి అగారులో చేరిన పదార్థమే పెరుగుదలను కలిగించుచున్నదని స్థిరపడెను. దానికి ఆక్సిన్ అని పేరు. ఆక్సిన్ ఎక్కువగ చేరిన ప్రక్కన కణములు సాగును. వెలుగు ఒక ప్రక్కనుండి వచ్చినప్పుడు ఆక్సిన్ నీడప్రక్కకు హెచ్చుగ పోవును. నీడప్రక్క సాగును, వెలుగుప్రక్క అంత సాగదు. అందుచేత మొలక వెలుగువైపునకు వంగును. బండికి ఒక చక్రము వేగముగను, రెండవది మెల్లగను తిరిగిన బండి మెల్లగ తిరుగు చక్రమువైపునకు మళ్లుట మనమెఱిగినదే, ఇదియు నట్టిదే.

అయినను మన బాలిక ప్రశ్న యింకను మిగిలియే యున్నది. నీలికాంతిని మొదట పట్టుకొనునది ఏది? ఈ ప్రశ్నకు సమాధానము దొరకుటకు సాక్స్ కాలమునుండి నూఱేండ్లకు మించి పట్టెను. నీలికాంతిని పీల్చుకొను పదార్థము మన కంటికి పసుపుగ గనబడవలెను. ఏలయన నీలి పోగా మిగిలిన రంగుల కలయిక పసుపు. మొక్కలో పసుపు వన్నెగల పదార్థములు రెండు జాతులవి గలవు: క్యారెట్టుకు రంగునిచ్చు కెరోటిన్ జాతి యొకటి, ఫ్లేవిన్ జాతి యొకటి. రెండును నీలికాంతినే పీల్చును. వీనిలో ఏది మొక్కకు “కన్ను” అని శాస్త్రజ్ఞులు దశాబ్దములు వాదించిరి.

1988లో అమెరికాలో విన్‌స్లో బ్రిగ్స్, ఆయన సహచరులు బఠాణీ మొలకల కణపు పొరలలో నీలికాంతి పడినంతనే మార్పుచెందు ప్రోటీను నొకదానిని గుర్తించిరి. 1997లో, వెలుగువైపు వంగుట మఱచిన యొక జాతి మొక్క సహాయమున దాని జన్యువు దొరకినది. ఆ మొక్క ఆవాల కుటుంబమునకు చెందిన అరబిడాప్సిస్ అను చిన్న కలుపుమొక్క. ఆ ప్రోటీనుకు ఫోటోట్రోపిన్ అని పేరుపెట్టిరి. అది తనలో పట్టియుంచుకొన్న పసుపు పదార్థము ఫ్లేవిన్ జాతిది. మనము బి2 విటమినని పిలుచు రైబోఫ్లేవిన్‌నుండి యేర్పడునదే.

ఇక మొత్తము కథను ఇంటి మాటలలో చెప్పవచ్చును. మొలక కణముల అంచున ఫోటోట్రోపిన్ అను కావలివాడు గలడు. వాని చేతిలో పసుపు బిళ్ల యొకటి యున్నది. నీలికాంతి తగిలినంతనే ఆ బిళ్ల వాని దేహమునకు గట్టిగ అతుకుకొనును. దానివలన వాని ఆకారము మాఱును. ఆకారము మాఱగనే పని చేయు భాగము మేల్కొనును. వెలుగుప్రక్క కావలివాండ్రు హెచ్చుగ మేల్కొందురు; నీడప్రక్కవారు తక్కువగ మేల్కొందురు. ఈ భేదమునుబట్టి ఆక్సిన్ నీడప్రక్కకు మఱలును. ఆ ప్రక్క కణములు సాగును, మొలక వంగును. చీకటియైనచో కొలది నిమిషములలో బిళ్ల ఊడి, కావలివాడు మరల మొదటివలె నుండును. ఇందు అవ్వకు తెలియని మాట యేదియైన నున్నదా? ఫోటోట్రోపిన్ అను పేరొక్కటియే క్రొత్త.

పాలికల కథలో మఱియొక వింత యున్నది. తమిళనాటి పల్లెలలో మారియమ్మ ఉత్సవములకు ముళైప్పారి పోయుట మన పిల్లలందఱు చూచినదే. నవధాన్యములను కుండలలో చల్లి, వెలుగు చొరని గదిలో పెంచుదురు. ఆ మొలకలు జానెడేసి పొడవు పెరిగి, పాలిపోయిన పసుపు వన్నెతో నుండును. ఎండలో మొలచిన అవే గింజలు పొట్టిగ, పచ్చగ, గట్టిగ నుండును. మొలక మట్టిలో నున్నంతవఱకు పైకి ప్రాకుటయే దాని పని. వెలుగు తగిలినప్పుడు, “ఇక సాగినది చాలును, ఆకులు విప్పుము” అని దానికి చెప్పువారు కావలెను. ఆ చెప్పువారిలో ఎఱుపు వెలుగు నెఱుగు ఫైటోక్రోమ్ ఒకటి. నీలికాంతి నెఱుగు క్రిప్టోక్రోమ్ మఱియొకటి. నీలికాంతిలో నుంచినను చీకటిలోవలె పొడవుగ సాగు అరబిడాప్సిస్ మొక్కలను 1980లో హాలండులో గుర్తించిరి. అట్టి మొక్కలో చెడిన జన్యువేదో 1993లో అహ్మద్, కాష్‌మోర్ అను శాస్త్రజ్ఞులు కనుగొనిరి. అదియే క్రిప్టోక్రోమ్ జన్యువు. దాచబడిన రంగు అని ఆ పేరున కర్థము. అంతకాలము పరిశోధకులకు చిక్కక దాగియున్నదానికి అది తగిన పేరే. ఆ జాతి ప్రోటీనులు మన దేహములోను గలవు. రాత్రింబవళ్ల లెక్కను దేహము కాపాడుకొనుటలో అవి పాలుపంచుకొనును.

ఆకులోను నీలికాంతి పని చేయుచునే యున్నది. తెల్లవాఱగనే పత్రరంధ్రములు తెఱచుకొనుటకు ఫోటోట్రోపిన్ తోడ్పడును. ఆకు కణములలోని హరితరేణువులు మందమైన వెలుగులో వెలుగుకెదురుగ పఱచుకొనును. తీక్ష్ణమైన ఎండలో ప్రక్కగోడల నాశ్రయించి తలదాచుకొనును. మనము చలికాలమున ఎండకు కూర్చుండి, వేసవిలో అరుగు నీడకు జరుగుచున్నట్లే యిది. ఈ జరుగుబాటును నడుపునదియు ఫోటోట్రోపిన్ జాతియే.

మొక్కలను విడిచి, ఇక ఊరి చెఱువునకు పోదము. పచ్చగ గనబడు చెఱువునీటిలోను, తడిమట్టిలోను క్లామిడోమోనాస్ అను శైవలము వసించును. ఒక్క కణమే దాని దేహమంతయు. నూఱింటిని వరుసగ పేర్చిన సుమారు ఒక మిల్లీమీటరు పొడవగును. రెండు కొరడాలవంటి కశాభములతో నీటిని కొట్టుచు, బొంగరమువలె తన చుట్టు తాను తిరుగుచు అది ఈదును. దాని ప్రక్కన నారింజ వన్నెగల చుక్క యొకటి యున్నది, దానిని నేత్రబిందువందురు. నిజమునకు ఆ నారింజ చుక్క చూచునది కాదు. ఒక ప్రక్కనుండి వచ్చు వెలుగును మఱుగుపఱచు తెఱ వంటిది. చూచునది దానిపైనున్న పొరలోని ఛానెల్‌రొడాప్సిన్ అను ప్రోటీను. కణము తిరుగుచున్నకొలది ఆ ప్రోటీనుపై వెలుగు, నీడ మాఱిమాఱి పడును. వెలుగు పడినప్పుడు ఆ ప్రోటీను కిటికీవలె తెఱచుకొని, విద్యుదావేశముగల కణికలను లోనికి విడుచును. ఆ విద్యుద్వార్త కశాభములకు పోయి వాని కొట్టుడును మార్చును. ఈ విధమున ఆ సూక్ష్మజీవి మితమైన వెలుగువైపునకు ఈదును. మిక్కుటమైన వెలుగునుండి తొలగిపోవును. ఫోటోట్రోపిన్ కూడ దానిలో గలదు. దాని సంతానోత్పత్తి దశలను నడుపుటలో అది పనిచేయును. చెఱువు పాచికిని, ఇంటిలోని మొలకకును ఒకే జాతి కావలివాడన్నమాట!

సముద్రముననున్న శైవలములకును నీలికాంతి ముఖ్యమైనదే. నిర్మలమైన సముద్రజలమున ఎఱుపుకాంతి పైపైననే పీల్చుకొనబడును; నీలికాంతి మిక్కిలి లోతునకు దిగును. క్రింద నివసించువానికి చేరునది ఆ నీలి వెలుగే. డయాటములు మొదలగు శైవలములకు ఆరియోక్రోమ్ అను వేఱొక నీలికాంతి గ్రాహకము గలదు. దానిని 2007లో జపాను శాస్త్రజ్ఞులు వౌచీరియా అను శైవలములో మొదట కనుగొనిరి.

ఇక్కడ తల్లిదండ్రులలో కొందఱడుగు ప్రశ్న నాకు వినబడుచున్నది: “ఇదంతయు తెలిసిన లాభమేమి? పరీక్షలో వచ్చునా? పాచి యెటు ఈదిన మనకేమి?”

దీనికి సమాధానము చరిత్రయే చెప్పినది. పాచి యెట్లు వెలుగు నెఱుగునని దశాబ్దములుగ నడుగుచు వచ్చిన జర్మను శాస్త్రజ్ఞుడు పీటర్ హెగెమన్, సహచరులు గెయోర్గ్ నాగెల్, ఎర్న్‌స్ట్ బాంబెర్గ్ మొదలగువారితో గూడి, 2002, 2003 సంవత్సరములలో ఛానెల్‌రొడాప్సిన్ల పనిని వెల్లడించెను. 2005లో అమెరికాలో ఎడ్వర్డ్ బాయ్డెన్, కార్ల్ డైసెరాత్ మొదలగువారు ఆ పాచి జన్యువును నాడీకణములలో ప్రవేశపెట్టి, నీలికాంతి తళుకుతో వానిని పనిచేయించిరి. మెదడులో ఏ నాడి యేమి చేయుచున్నదో పరిశీలించుటకు నేడు ప్రపంచమంతట ఆ పద్ధతిని వాడుచున్నారు. 2021లో మఱియొక వార్త వచ్చెను. కంటి నాడిపొర క్షీణించు వ్యాధిచే నలువదియేండ్ల క్రిందటినుండి బాధపడుచు చూపు కోల్పోయిన యొక పురుషుని కంటిలో, శైవలమునుండి తీసి సవరించిన అట్టి జన్యువునే ప్రవేశపెట్టిరి. అది నీలికాంతికి గాక, కంటికి హానిచేయని నారింజ వన్నె కాంతికి స్పందించునట్టిది. ప్రత్యేకమైన కండ్లద్దములు ధరించి ఆయన బల్లమీదనున్న పుస్తకమును గుర్తించి, చేయి చాచి తాకగలిగెను. చూపంతయు తిరిగి రాలేదు. మనుష్యుల ముఖములను గుర్తుపట్టునంతటి దృష్టి కలుగలేదు. అయినను చీకటిలోనున్నవానికి బల్లమీది పుస్తకము కనబడుట సామాన్యమా? “పాచి యెటు ఈదిన మనకేమి?” అని హెగెమన్ మొదటనే అనుకొనియున్నచో ఆ పుస్తకము ఆయనకు కనబడియుండెడిది కాదు.

రెండవ యాక్షేపణ మఱింత గంభీరమైనది. “ఇట్టి శాస్త్రము తెలుగున సాధ్యమా? పిల్లవాడు సైన్సు చదువవలెనన్న తెలుగుబడి మాన్పింపక తప్పదు గదా?” అని మనవారే అనుచున్నారు. ఈ మాటవలననే మన తరగతులలో పిల్లల సంఖ్య తగ్గుచున్నది. కాబట్టి దీనికి సూటిగనే జవాబు చెప్పవలెను.

పేర్ల విషయము ముందు చూతము. ఫోటోట్రోపిన్, క్రిప్టోక్రోమ్, ఆక్సిన్ – ఇవి గ్రీకు మాటలతో కూర్చిన పేర్లు. ఫ్లేవిన్ అనునది పసుపు అను నర్థముగల లాటిను మాటనుండి వచ్చినది. లండనులోని బాలునికిని ఇవి ఉగ్గుపాలతో వచ్చినవి కావు. అతడును మనవలెనే నేర్చుకొనవలెను. అట్టి పేర్లను మనమును ఉన్నవున్నట్లు తీసికొందము. ఇందు సిగ్గుపడవలసిన పని లేదు. పత్రహరితము, పత్రరంధ్రము, కణము – ఇవి మనకున్నవి. వానిని విడువవలసిన పనియు లేదు. కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారు మొదలగు పెద్దలు 1906లో స్థాపించిన విజ్ఞానచంద్రికా మండలి తెలుగున శాస్త్రగ్రంథములను ప్రకటించి నూఱేండ్లు దాటినది. తెలుగున శాస్త్రము సాధ్యమా యని మనమిప్పుడు అడుగుట, ఇంటిలో బావి యుండగా నీరు దొరకునా యని అడుగుటవంటిది.

ఇక విషయము. మొలక వంగుటను ఆ బాలిక చూచినది తెలుగున. చిప్పను త్రిప్పి యుంచవలెనను ఆలోచన పుట్టినది తెలుగున. “అది పేరే కదా” అని నన్ను నిలదీసినది తెలుగున. అదే ప్రశ్నను రాని భాషలో నడుగవలసి వచ్చినచో ఆమె అడిగియుండదు. పేరును వ్రాసికొని వెడలిపోయియుండును. తెలిసిన భాషలో తప్పు చెప్పిన ఆ తప్పు బయటపడును, దిద్దుకొనవచ్చును. తెలియని భాషలో ఒప్పు వల్లించినను లోపలి శూన్యము బయటపడదు. ఇది తెలుగుబడికి గల మేలు. నేనిట్లు చెప్పుట తమిళమును గాని, ఆంగ్లమును గాని నిర్లక్ష్యము చేయుమనుటకు గాదు. ఆ భాషలు మన పిల్లలకు రావలెను, చక్కగ రావలెను. విషయము ఒక భాషలో నిజముగ తెలిసినవానికి రెండవ భాషలో దానిని చెప్పుట మాటల పని మాత్రమే. ఒక భాషలోను తెలియనివానికి నాలుగు భాషలును నాలుగు బరువులే.

అయితే ఈ మేలు తనంతట తాను రాదు. తెలుగుబడిలోను పేర్లు వల్లింపజేసి పంపినచో మనకును ఇతరులకును భేదమేమి? తప్పు నాదియు గలదని మొదటనే ఒప్పుకొంటిని. కావున మాటలతో విడువక, చేయదగిన పని యొకటి సూచించుచున్నాను.

విద్యార్థులారా! చెప్పుల దుకాణమున దొరకు అట్టపెట్టెలు మూడు తెచ్చుకొనుడు. ఒక్కొక్క పెట్టెకు ఒక ప్రక్కన మాత్రము అణామాత్రపు రంధ్రము చేయుడు. మొదటి రంధ్రమునకు ఏ రంగు లేని కాగితము, రెండవదానికి నీలి, మూడవదానికి ఎఱుపు గాజుకాగితము రెండు మూడు మడతలుగ అంటింపుడు. లోపల రాగులో, పెసలో మొలకెత్తించి, మూతవేసి, వెలుతురుగల కిటికీయొద్ద నుంచుడు; మూడు నాలుగు దినములు చూడుడు. దుకాణపు రంగుకాగితములు ఇతర వర్ణములనుగూడ కొంచెము పోనిచ్చును; కాబట్టి ఎఱుపు పెట్టెలోను స్వల్పముగ వంగవచ్చును. అట్లు వంగినచో దాచక వ్రాయుడు. డార్వినుల టోపీ ప్రయోగమునకు మొక్కజొన్న గాని గోధుమ గాని మేలు. ఏలయన కొనతో చూచు గుణము గడ్డిజాతి మొలకలలో స్పష్టముగ గలదు. సాక్స్ వాడిన డైక్రోమేట్ విషపదార్థము. దాని జోలికి పోవలదు. చూచినదానిని చూచినట్లు, తేదీతో, మీ మాటలలో తెలుగున వ్రాయుడు. “కాంత్యనువర్తనము జరిగినది” అని యొక్క ముక్కలో ముగింపవలదు.

తల్లిదండ్రులారా! మీరు చేయవలసినది స్వల్పము. నాలుగు దినములు కిటికీ నొకదానిని వారికి వదలుడు. సాయంకాలము కూర్చుండి, “ఏమి జరిగినదో చెప్పుము” అని యడుగుడు. వారు పేరు చెప్పి లేవబోయినచో, “అది పేరే కదా, ఎట్లు జరిగినది?” అని మరల నడుగుడు. ఇందుకు మీకు శాస్త్రము తెలియవలసిన పని లేదు.

ఆ బాలికకు నేను బాకీపడిన సమాధానమును కొన్ని వారముల తరువాత, చదువుకొని, పైన వ్రాసిన రీతిగనే చెప్పితిని. ఆమె ఇంటికి పోయి అవ్వకు చెప్పినదట. అవ్వ అంతయు విని, “అయితే రాత్రి దేవుడి దగ్గర నూనె దీపం వెలుగుతూనే ఉంది కదే, మొలకలు దానివైపు ఎందుకు వంగలేదు?” అని యడిగినదట.

ఇది నా పాఠ్యపుస్తకమున లేని ప్రశ్న. నూనెదీపపు వెలుగులో పసుపు, ఎఱుపు హెచ్చు. నీలి మిక్కిలి తక్కువ. అదియే కారణమా? లేక పగటి వెలుగు బలము ముందు దీపము చాలకపోయినదా? పగలంతయు చీకటిలోనుంచి, రాత్రి దీపమొక్కటే చూపినచో ఏమగును? దీనిని తేల్చుటకు ఆ బాలిక నేడు రెండు కొబ్బరిచిప్పలలో రాగులు చల్లినది. ఒకటి పెట్టెలో చీకటిలో నున్నది. రెండవది పగలు చీకటిలో, రాత్రి దీపమునకు ఒక ప్రక్కగ నుండును. ఫలితము తెలిసిన పిమ్మట ఆమెయే ఈ పత్రికకు వ్రాయును.